జోడ్‌భావి పేటలో జంట చిత్రాలు

బొంబాయిలో రాత్రి ఎక్కితే సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ తెల్లవారేసరికి షోలాపురంలో దింపుతుంది. ఇప్పుడు ముంబై, సోలాపూర్ అని వ్రాయాలి గాని, మా ఇంట్లో నోటికి పాత పేర్లే అలవాటు, పాఠకులు మన్నించాలి. స్టేషను బయట ఆటో అతనితో మేము మరాఠీలో బేరం మొదలుపెట్టాము. అతడు రెండు మాటలు విని, "ఎక్కుండ్రి సార్, మీరు మనోళ్ళే గద" అన్నాడు. నలభై ఏళ్ళుగా బొంబాయిలో చెల్లుబాటు అవుతున్న మా మరాఠీ షోలాపురంలో అర నిమిషం నిలవలేదు. తెలిసినవాడి ముందు వేషం చెల్లదని దిగీదిగగానే తెలిసివచ్చింది. నవ్వుకుంటూ ఎక్కి కూర్చున్నాము.

మేము వెళ్ళవలసినది జోడ్‌భావి పేట్. అక్కడ మా పెద్దనాయన ఉన్నారు. పేట పేరు ఎంత ముచ్చటగా ఉన్నదో చూడండి. జోడ్ అంటే మరాఠీలో జంట. భావి అంటే బావి. ఆ మాట కన్నడానికీ, తెలుగుకూ దగ్గరి చుట్టం. మూడు భాషలు చేయి వేస్తేగాని ఆ పేట పేరు పూర్తి కాదు. పేటలో మనుషులూ అంతే. పక్కింటివారితో మరాఠీ, కూరల బండివాడితో కన్నడం, ఇంట్లో తెలుగు. ఆ తెలుగులో కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ యాసలు ఇంకా చెరిగిపోలేదు. నిజాం రాజ్యంలో కరువుకూ, అప్పులకూ తాళలేక మన పద్మశాలీలు తరతరాలుగా ఇటు వచ్చారు. 19వ శతాబ్దం చివరి పాతికలో ఇక్కడ బట్టల మిల్లులు లేచిన తరువాత ఆ రాక ఇంకా పెరిగింది. శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయుని రథం కదిలినప్పుడు షోలాపురం వీధులలో నిలబడితే, ఇది మహారాష్ట్ర అని ఎవరైనా గుర్తు చేయవలసి ఉంటుంది.

సందులోకి తిరగగానే సాంచాల చప్పుడు ఎదురువచ్చింది. పవర్‌లూమును ఇక్కడ అలాగే అంటారు. కొత్తవారికి అది చెవులు చిల్లులు పడే మోత. అక్కడ పుట్టి పెరిగినవారికి ఆ మోత ఆగితేనే మెలకువ వస్తుంది. గుమ్మాలలో ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతున్నారు. చేతులు చూడకుండానే ఆకు చుట్టి, దారం కట్టి, మాతో మాట్లాడుతున్నారు. "ఎవరింటికి? తాతింటికా? సక్కగ పోయి ఎడమకు తిరుగుండ్రి" అని ముగ్గురు ముగ్గురూ ఒక్కసారే చెప్పారు.

పెద్దనాయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. కుర్రతనంలో మిల్లులో పనిచేసి, తరువాత సొంతంగా నాలుగు సాంచాలు పెట్టుకున్నారు. ఇప్పుడు రెండు మిగిలాయి. మిగిలిన రెంటి మీద చద్దర్లు నేస్తున్నారు. పెద్దమ్మ పోయి ఆరేళ్ళు. కొడుకు పూనాలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు వచ్చిపోతాడు. ఇల్లు నడిపేది వదిన. ఇంట్లో సందడి చేసేది మనుమడు. వాడు కాలేజీలో భూగోళశాస్త్రం చదువుతున్నాడు.

గుమ్మంలోనే పెద్దనాయన ఎదురై, "బండి టైముకే వచ్చిందా బిడ్డా? ముందుగాల కాళ్ళు కడుక్కోండ్రి" అన్నారు. మనిషి తాడులాగా గట్టిగా ఉన్నారు. జొన్న కటక రొట్టె, పల్లీల చట్నీ పెట్టించి, మేము తింటున్నంతసేపూ ఎదురుగా గోడకు ఆనుకొని కూర్చున్నారు. ఆ కూర్చున్న చోటు ఎడమవైపు గోడ పక్కన అని ఆనాడే చూచాము గాని, చూచినట్టు మాకే తెలియలేదు.

భోజనమైన తరువాత సాంచాల గదిలోకి తీసుకుపోయారు. షోలాపురం చద్దరు అందరి ఇళ్ళలోనూ ఉంటుంది, 2000 తరువాత దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది గాని, అది పుట్టే తీరు ఎందరు చూచి ఉంటారు? పైన జకార్డు పెట్టెలో చిల్లులు పొడిచిన అట్టలు ఒకదాని వెనుక ఒకటి తిరుగుతాయి. చిల్లు ఉన్నచోట పడుగుపోగు లేస్తుంది, లేనిచోట ఆగుతుంది. పేక లోపలికి దూసుకుపోతుంది. ఒక నెమలి కాలు, ఒక రెక్క, ఒక పింఛం అలా వరుస వరుసగా బయటపడతాయి. పెద్దనాయన చద్దరు అంచు తిప్పి చూపించారు. ఈవైపు ఎరుపు మీద తెల్ల నెమలి. ఆవైపు తెలుపు మీద ఎర్ర నెమలి. "ఒక్క బట్టనే. చూసే దిక్కును బట్టి మాట మారుస్తది" అన్నారు.

ఆ సాయంత్రం మనుమడు ఒక అట్టపెట్టె తెచ్చాడు. ముందు రెండు భూతద్దాల వంటి అద్దాలు, వెనుక ఒక అట్ట పెట్టే గాడి. అట్ట మీద పక్కపక్కనే రెండు బొమ్మలు. ఎదురింటి రేకుల కప్పులు, నీళ్ళ టాంకీ, ఆరేసిన నూలు. మేడ మీద నుంచి ఫోనుతో ఒక బొమ్మ తీసి, నాలుగడుగులు పక్కకు జరిగి రెండవది తీశాడట. పెట్టెలో కళ్ళు పెట్టి చూచాము. మొదట రెండు బొమ్మలు వేరువేరుగా ఊగాయి. తరువాత ఒకదానిలోకి ఒకటి జారిపోయి, ఉన్నట్టుండి నీళ్ళ టాంకీ కాగితం లోనుంచి లేచి నిలబడింది! మాలో ఒకరు పట్టుకుందామని చేయి చాపారు కూడా.

"గిదంతా కంటి జోడు మహిమ. బొటనవేలు ముందర పెట్టుకొని ఒక కన్ను మూసుండ్రి. తర్వాత ఇంకొకటి" అన్నాడు వాడు. చేశాము. వేలు అటొకసారి, ఇటొకసారి గెంతింది. వెనుక ఉన్న గోడ మాత్రం అంతగా కదలలేదు. మన రెండు కళ్ళ నడుమ ఎడం ఇంచుమించు ఆరున్నర సెంటీమీటర్లు. అందుచేత ఒక్కొక్క కంటికి ఒక్కొక్క బొమ్మ అందుతుంది. దగ్గరిది ఎక్కువ జరుగుతుంది, దూరపుది తక్కువ. ఆ తేడాను లెక్కగట్టి మెదడు లోతు చెబుతుంది. 1838లో వీట్‌స్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఈ సంగతి నిరూపించి, జంట బొమ్మలు చూచే పరికరం కనిపెట్టాడు. మేమందరం వేళ్ళు ఎత్తి కన్ను గీటుతూ పిల్లలలాగా ఆడుకున్నాము. పెద్దనాయన మాత్రం "నీళ్ళు తాగొస్త" అని లేచి లోపలికి వెళ్ళారు.

ఆయన తిరిగివచ్చేసరికి మాటలు యుద్ధం మీదికి మళ్ళాయి. మనుమడు పరీక్షకు వ్రాస్తున్న వ్యాసం అదే. విమానం ఆకాశంలో తిన్నగా పోతూ, పెంకులు ఒకదాని మీద ఒకటి కప్పినట్టు, ఒక్కొక్క ఫోటోలో ఇంచుమించు అరవై పాళ్ళు ముందరి ఫోటో నేలే మళ్ళీ పడేటట్టు తీస్తుంది. పక్కపక్క ఫోటోలు రెండు తీసి అద్దాల కింద పెడితే నేల లేచి నిలబడుతుంది. రెండు ఫోటోలు తీసిన చోట్ల నడుమ వందల మీటర్ల ఎడం. అంటే, వందల మీటర్ల ఎడంగా కళ్ళున్న రాక్షసుడు కిందికి చూచినట్టన్నమాట! అందుచేత చిన్న గుట్ట కూడా కొండలాగా కనబడుతుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులో థేమ్స్ నది పక్కన మెడ్మెన్‌హామ్ అనే చోట ఒక పెద్ద భవనం నిండా మనుషులు కూర్చొని పగలూ రాత్రీ చేసిన పని ఇదే. వారిలో ఆడవారు చాలామంది. కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్ అనే ఆమె 1943 చివర జర్మనీ పీనముండె ఫోటోలో, వాలు పట్టాల మీద ఆవగింజంత గుర్తు చూచి, అది మనిషి లేని ఎగిరే బాంబు అని పట్టుకున్నది. మరుసటి ఏడాది ఆ బాంబులే లండను మీద పడ్డాయి.

"మరి దాచుకునేటోడు ఊరికె ఉంటడా?" అన్నారు పెద్దనాయన.

ఊరుకోలేదు. మనవారికి తెలిసిన ఖాకీ బట్ట కూడా దాపరికమే. ఖాక్ అంటే ధూళి. 1840ల చివర పెషావరు దిక్కున లమ్స్‌డెన్ అనే దొర తన దళానికి దుమ్ము రంగు బట్టలు వేయించాడు. ఎర్రకోటు వేసుకొని గుండ్లకు ఎదురునిలిచే కాలం అక్కడినుంచి మెల్లగా పోయింది. విమానాలు వచ్చిన తరువాత మనిషిని దాచితే చాలలేదు. ఫిరంగులనూ, కార్ఖానాలనూ దాచవలసి వచ్చింది. అమెరికాలో సియాటిల్ దగ్గర బోయింగు విమానాల కార్ఖానా కప్పు మీద ఒక ఊరినే కట్టారు. వీధులు, ఇళ్ళు, చెట్లు, అన్నీ కర్రా, గుడ్డా, కోళ్ళ తీగెవలా. పైనుంచి చూస్తే సంసారుల పేట. కింద బాంబరు విమానాలు తయారవుతున్నాయి.

పెద్దనాయన కాసేపు ఆలోచించి, "గుడ్డ మీద ఇల్లు రంగేస్తె ఫోటోల దిగుతది. గని నీ అద్దాల కింద లేవది. దానికి ఎత్తు లేదు" అన్నారు. మనుమడు తెల్లబోయాడు. వాడు రెండు పేజీలలో వ్రాసిన సంగతి ఆయన ఒక్క మాటలో చెప్పారు. అందుకే సియాటిల్‌లో ఉత్త రంగుతో ఊరుకోక, పొట్టివే అయినా ఎత్తున్న ఇళ్ళు నిలబెట్టారు. నిజం ఇల్లు చదునుగా కనబడకూడదు. దొంగ ఇల్లూ కనబడకూడదు.

అప్పుడు వలల మాట వచ్చింది. ఫిరంగి మీద వల పరచి, దానికి రంగు గుడ్డపేలికలు అల్లుతారు. "అంచుదాక చిక్కగ అల్లుతే దొరుకుతరు. నడుమ చిక్కగ, అంచుకు పోను పోను పల్చగ ఉండాలె. లేకుంటె అంచు నీడ గీత పడ్డట్టు పడుతది" అన్నారు పెద్దనాయన. సైన్యాల పుస్తకాలలో ఉన్న సూత్రం కూడా అదే. అరవై ఏళ్ళు బట్ట నేసిన చేతికి ఆ పుస్తకాలతో పనిలేకపోయింది.

ఈ విద్య పరాకాష్ఠకు చేరినది ఈజిప్టు ఎడారిలో, 1942లో, ఎల్ అలమైన్ దగ్గర. అక్కడ మన 4వ ఇండియన్ డివిజన్ జవానులు కూడా పోరాడారు. దాచడానికి చెట్టూ పుట్టా లేని నేల అది. సినిమాలు తీసే జెఫ్రీ బార్కస్ అనే ఆయన అక్కడి మారువేషాల దళానికి పెద్ద. దాడి ఉత్తరాన చేయబోతూ, దక్షిణాన చేస్తున్నట్టు శత్రువును నమ్మించాలి. టాంకు మీద రెండు చెక్కలుగా తెరుచుకునే గుడ్డ కప్పు వేసి, దానిని లారీలాగా చేశారు. ఉత్తరాన అటువంటివి 722 సిద్ధం చేశారు. తెలివి ఆ కప్పులో లేదు, ఓపికలో ఉన్నది. ముందు వారాల తరబడి నిజం లారీలను, ఉత్త కప్పులను అక్కడ నిలబెట్టారు. శత్రువు రోజూ ఫోటోలు తీసి, ఇవి లారీలేనని విసుగెత్తి ఊరుకున్నాడు. అప్పుడొక రాత్రి టాంకులు వచ్చి ఆ కప్పుల కింద దూరాయి. అవి విడిచివచ్చిన చోట బొమ్మ టాంకులు నిలబెట్టారు. దక్షిణాన ఖాళీ పెట్రోలు డబ్బాలతో నీళ్ళ గొట్టం వేస్తున్నట్టు నటించారు. ఆ పని నడిచే వేగం చూచి, నవంబరులోగాని దాడి ఉండదని శత్రువు లెక్కవేసుకున్నాడు. అక్టోబరు 23 రాత్రి ఫిరంగులు మోగాయి.

మాకు అన్నిటికంటె నచ్చినది పెట్రోలు దాచిన కథ. అలమైన్ స్టేషను దగ్గర రాతి గోడలు కట్టిన పాత కందకాలు వంద ఉన్నాయి. శత్రువు వాటిని ఎప్పుడో ఫోటోలలో చూచి మరిచిపోయాడు. ఆ కందకాల లోపలి గోడ వెంబడి ఇంకొక వరుస ఇటుకలు పేర్చినట్టు రెండువేల టన్నుల పెట్రోలు డబ్బాలు పేర్చారు. కందకం కాస్త సన్నబడింది, అంతే. తమ విమానాలనే పంపి ఫోటోలు తీయిస్తే తమవారే కనిపెట్టలేకపోయారు. ఉన్న నీడలోనే దాగితే కొత్త నీడ పడదు కదా!

"ఎవలు గిన దొరుకుతె ఎట్ల దొరుకుతరు?" అని వదిన వంటింటి గుమ్మంలోనుంచి అడిగింది.

"జాడల వల్ల అమ్మా" అన్నాడు మనుమడు. టాంకును ఎంత బాగా దాచినా, అది నడిచివచ్చిన గాడి నేల మీద ఉంటుంది. గాడి ఎక్కడ ఆగిందో అక్కడ టాంకు ఉన్నట్టే. మనుషులు మళ్ళీ మళ్ళీ నడిచిన దారి గడ్డిలో తెల్లగా పైనుంచి కనబడుతుంది. వదిన ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది.

మన తెలుగునేలకూ ఈ కథలో చోటున్నది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. జనం పట్టణం విడిచి పల్లెలకు పరుగెత్తారు. మళ్ళీ 1971లో విశాఖ ముందరి సముద్రంలోనే గొప్ప వంచన ఒకటి జరిగింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ వస్తున్నది. విక్రాంత్‌ను అండమానులలో దాచి, వైస్ అడ్మిరల్ కృష్ణన్ పాత యుద్ధనౌక రాజ్‌పుత్‌ను విశాఖ ముందర విక్రాంత్‌గా నటింపజేశారు. పెద్ద నౌక పంపేటన్ని వైర్‌లెస్ సందేశాలు పంపించారు. విశాఖ బజారులో పెద్ద నౌకకు సరిపడే మాంసం, కూరగాయలు పురమాయించారు. నావికుడొకడు తల్లికి జబ్బు ఎలా ఉన్నదని అడిగినట్టు మామూలు తంతి ఒకటి ఇప్పించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ ఘాజీ విశాఖ దగ్గరే మునిగిపోయింది. ఎలా మునిగిందో రెండు దేశాలూ రెండు విధాలుగా చెబుతాయి. అందులో ఉన్న తొంభైమందికి పైగా మనుషులకూ తల్లులున్నారు. ఆ ఏడాదే ఆగ్రాలో తాజ్‌మహలు వెన్నెలలో మెరవకుండా ఆకుపచ్చని బట్ట కప్పారు. "ఎన్ని గజాలు పట్టిందో!" అన్నారు పెద్దనాయన. నేతగాడికి రావలసిన ప్రశ్నే.

మరునాడు మధ్యాహ్నం మనుమడు కొత్త అట్టలు అంటించి తెచ్చి, మొదటిది తాతకే ఇచ్చాడు. పెద్దనాయన పెట్టెను కళ్ళకు ఆనించి, "ఆహా! టాంకీ ఎట్ల లేచి నిలబడ్డది బిడ్డా! చేత్తోని ముట్టుకోవాలె అనిపిస్తాంది" అన్నారు. తరువాత మేము చూచాము. ఏమీ లేవలేదు. టాంకీ కాగితం మీద టాంకీలాగా పడుకొని ఉన్నది. మా కళ్ళకేమైనా అయిందా అనుకొని పెట్టెను మనుమడికి ఇచ్చాము. వాడు చూచి నెత్తి కొట్టుకున్నాడు. "అరే, రెండు దిక్కుల ఒక్కటే బొమ్మ అంటించిన!"

అందరం నవ్వాము. అందరికంటె గట్టిగా పెద్దనాయన నవ్వారు. వదిన నవ్వలేదు. ఆమె మామగారిని చూచింది, తరువాత మమ్మల్ని చూచింది. ఒకే బొమ్మ రెండు కళ్ళకూ చూపిస్తే ఏదీ లేవదు. లేవని టాంకీ ఆయనకు ఎలా లేచింది?

వదిన ఆ సాయంత్రం బీడీ ఆకులు కత్తిరిస్తూ మెల్లగా చెప్పింది. ఏడాదిగా చాయ్ పోసుకుంటే సాసరులో పడుతున్నది. ఇప్పుడు ముందు గ్లాసు అంచును వేలితో ముట్టుకొని మరీ పోసుకుంటున్నారు. ఎడమ భుజం తలుపుకు తగిలి రెండుసార్లు కమిలింది. కల్లు తాగినోడి తీరు నడుస్తున్న అని ఆయనే నవ్వేసేవారు. తెగిన పోగు అతకడానికి పక్కింటి పిల్లను పిలుస్తున్నారు. ఎప్పుడూ ఎడమపక్క గోడ ఉండేటట్టు కూర్చుంటారు. ఆవైపు నుంచి ఎవరూ రాకుండా. "నేను చూస్తనే ఉన్న. ముసలితనం అనుకున్న. పొద్దుగాల పోరడు జాడలు అన్నప్పుడు పాణం జల్లుమన్నది" అన్నది.

రాత్రి మేడ మీద గాలికి కూర్చున్నప్పుడు మేమే అడిగాము. ఆయన చాలాసేపు పలకలేదు. కింద సాంచాలు కొడుతూనే ఉన్నాయి.

"ఎడమ కంట్ల చీకటే బిడ్డా" అన్నారు చివరకు. "ఎప్పుడు పోయిందో నాకే ఎరుక లేదు. నొప్పి లేదు, ఎరుపు లేదు. ఒకరోజు కుడికంట్ల దుమ్ము పడి మూసుకుంటె పొద్దున రాత్రాయె."

"ఎవరికీ చెప్పలేదేం పెద్దనాయనా?"

"చెప్తె ఏమైతది? సాంచాలు అమ్మేస్తరు. నన్ను పూనకు తోలుకపోతరు. ఆడ పదో అంతస్తుల నేనేం జెయ్యాలె? గీ చప్పుడు లేకుంటె నాకు నిద్ర రాదు. ఒక్క కన్నున్నది గద, గడిచినన్ని రోజులు గడవనీ అనుకున్న."

గడిచింది కూడా. ఒంటి కన్నున్నవారు నీడను చూచి, వస్తువు సైజు చూచి, తల అటూ ఇటూ కదిపి దూరం లెక్కగడతారు. ఆపైన అరవై ఏళ్ళ చేతి అలవాటు. మెల్లగా పోయిన చూపు కాబట్టి మెల్లగానే కప్పుకున్నారు. ఎల్ అలమైన్‌లో టాంకు ఉన్నచోట లారీ కనబడినట్టు, ఆ ఇంట్లో ఏడాదిగా అందరికీ నిన్నటి పెద్దనాయనే కనబడ్డారు. శత్రువు నుంచి దాగినవారి కథలు ఎన్నో విన్నాము. ఆయన తన ఇంటివారి నుంచి దాగారు. మా మనసుకు కష్టం తోచింది.

మాలో ఒకరికి నోరు ఆగదు. "ఆ కన్ను సరే. కుడికన్ను ఎలా ఉన్నదో తెలుసునా? అదీ అలాగే నొప్పి లేకుండా పోతే పూనాలోనైనా, ఇక్కడైనా ఒకటే కదా? సాంచాలు కావాలంటే ఆ కన్ను కావాలి" అని అనేశారు. పెద్దనాయన బదులు చెప్పలేదు. మరునాడు ఉదయం ఎనిమిదింటికి తెల్లని ధోవతి కట్టుకొని గుమ్మంలో నిలబడి, "నడువుండ్రి మరి" అన్నారు.

కంటి డాక్టరు అద్దాల పరికరంలో చూచి, కంటి ఒత్తిడి కొలిచి చెప్పారు: నీటికాసులు. కంటిలోపల ఒత్తిడి పెరిగి, చూపు నరాన్ని కొంచెం కొంచెంగా నలిపివేసే జబ్బు. మొదట పక్కచూపు పోతుంది. నడిమి చూపు చివరిదాకా ఉంటుంది కనుక మనిషికి తెలియదు. పోయిన చూపు మందుతోగాని, ఆపరేషనుతోగాని తిరిగిరాదు. ఎడమకన్ను ఇక అంతే. కుడికంటిలోనూ మొదలైంది. అయితే చాలా చూపు మిగిలి ఉన్నది. రోజూ తప్పకుండా చుక్కలు వేసుకొని, చెప్పినప్పుడల్లా వచ్చి ఒత్తిడి చూపించుకుంటే దానిని నిలుపుకోవచ్చును. "రక్తసంబంధీకులు కూడా చూపించుకోవాలి. తోబుట్టువులకు, పిల్లలకు వచ్చే అవకాశం తక్కినవారికంటె ఎక్కువ" అన్నారు డాక్టరుగారు. మేము ఒకరి ముఖం ఒకరు చూచుకొని, ఆ బల్లమీదే వరుసగా కూర్చున్నాము.

తిరిగివచ్చే దారిలో మనుమడు తాత చేయి పట్టుకొని, యుద్ధంలో పుట్టిన విద్యలు ఇప్పుడు ఏమేమి చేస్తున్నాయో చెబుతూ నడిచాడు. ఆకుపచ్చ రంగు పూసిన గుడ్డకూ, పచ్చని చెట్టుకూ మన కంటికి తేడా లేదు. కాని బ్రతికిన ఆకు, కంటికి అందని పరారుణ కాంతిని బాగా వెనక్కు కొడుతుంది. ఆ తేడా పట్టే ఫిల్మును యుద్ధకాలంలో దొంగ పచ్చదనం పట్టుకోవడానికి చేశారు. 1970లో పిషారటి అనే మన శాస్త్రజ్ఞుడు అటువంటి ఫిల్మును హెలికాప్టరులో తీసుకుపోయి, కేరళ కొబ్బరితోటలలో వేరు తెగులు పట్టిన చెట్లను పైనుంచే గుర్తించి చూపించారు. మన దేశంలో దూరదర్శన విద్యకు అదే నాంది. జంట చిత్రాల విద్యా అంతే. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పంపిన కార్టోశాట్-1 ఉపగ్రహానికి రెండు కళ్ళు పెట్టారు. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, ఇంకొకటి 5 డిగ్రీలు వెనక్కు వంగి ఉంటాయి. ముందుకన్ను చూచిన నేలనే 52 సెకండ్ల తరువాత వెనుకకన్ను చూస్తుంది. ఆ జంట చిత్రాలతో వాగు ఎటు పారుతుందో, చెరువు ఎక్కడ కట్టవచ్చునో లెక్కలు కట్టడం సాధ్యమైంది.

"ఒక్క కన్నుతోని దానికి ఎత్తు ఎరుక కాదా?" అని అడిగారు పెద్దనాయన.

"ఒక్క కన్నే ఉంటె కదులుకుంట రెండు తావుల నుంచి చూస్తె చాలు తాతా. విమానం చేసేది గదే."

ఆయన ఆగి, తల కొంచెం కుడికి, కొంచెం ఎడమకు కదిపి వీధి చివరనున్న వేపచెట్టును చూచారు. "ఏడాది సంది నేను చేస్తున్నది గదే మరి" అన్నారు. ఆ మాటకు ముందు వదిన నవ్వింది.

ఆ రాత్రి పూనా నుంచి కొడుకు ఫోనులో చాలాసేపు మాట్లాడాడు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. సాంచాలు అమ్మే మాట ఎవరూ ఎత్తలేదు. పోగులు అతకడానికి పక్కింటి పిల్లకు నెలజీతం ఏర్పాటు చేశారు. సాంచాల ఎడమవైపు ఒక కటకటా పెట్టించడం, చుక్కల మందు వేళలు గోడ మీద వ్రాయడం వదిన చూచుకున్నది. మూడుపూటలా కాదు, రెండుపూటలే. "బీడీల లెక్క తప్పుతానేమో గని గిది తప్ప" అన్నది.

మేము బయలుదేరే రోజున పెద్దనాయన మాకు రెండు చద్దర్లు ఇచ్చారు. రెండూ నెమళ్ళవే. చాయ్ పోస్తూ, గ్లాసు అంచును వేలితో ముట్టుకొని చూచుకున్నారు; ఈసారి మా ఎదుటనే, దాచకుండా. ఒక్క చుక్క కింద పడలేదు.

బొంబాయి చేరిన వారంలో మాలో ఒకరికి కూడా ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉన్నదని తేలింది. చుక్కలు వేసుకుంటున్నాము. మన సంఘం కుటుంబాలలో పెద్దవారున్న ఇల్లు లేదు అనలేము కదా. ఒక కన్ను మూసి చూడమని, మరొకటి మూసి చూడమని వారిని అడగండి. నవ్వేసి నీళ్ళు తాగడానికి లేచిపోతే, వెంట వెళ్ళండి.